సోఫియాకు దక్కిన ఇల్లు

ఇనప బీరువాను మూడో అంతస్తు నుంచి కిందికి దించేసరికి అలిమేలమ్మ నడుము పట్టేసింది. బీరువా ఆమెది కాదు, పక్కింటి సోఫియాది. పది రోజుల కిందట పట్టపగలే పైకప్పు పెచ్చు ఊడి సోఫియా చేతిమీద పడింది. ఎముక విరిగింది. పేపర్లో ఫొటో వచ్చింది. వారం తిరక్కుండా హౌసింగ్ బోర్డు ఆఫీసువాళ్లు అరక్కోణం రోడ్డులోని కొత్త బ్లాకులో ఆమెకు ఇల్లిచ్చారు.

తిరుత్తణిలోని ఈ పాత క్వార్టర్సుకు ముప్పై ఐదేళ్లు. మెట్లకు పట్టుకోను కమ్మీ లేదు. వానొస్తే గోడ తాకితే చాలు, కరెంటు కొడుతుంది.

సామానుతో పాటు అలిమేలమ్మ కూడా ఆటో ఎక్కింది. కొత్త వంటగదిలో కొళాయి తిప్పితే నీళ్లు ధారగా వచ్చాయి. ఆమె కట్టేసి, మళ్లీ తిప్పింది.

"నీ అదృష్టమే అదృష్టం సోఫియా."

కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని సోఫియా నేలమీద కూర్చుంది. "ఏం అదృష్టంలే అక్కా. కంపెనీలో ఇంక రావద్దనేసినారు."

ఆ మాట అలిమేలమ్మ చెవిన పడింది గాని లోపలికి దిగలేదు. తిరిగొస్తూ దారి పొడుగునా అదే ఆలోచన. మా కప్పూ పగిలే కదా ఉండాది. అది పడకుండా దానిదే ఎందుకు పడాల? కల్యాణమండపంలో బోకులు తోమే నా చెయ్యి, దాని చెయ్యికన్నా ఎక్కువా?

ఇంటికి రాగానే స్టూలెక్కి, రోకలితో కప్పు బీటను పొడిచింది. మట్టి రాలింది. ఈసారి బలంకొద్దీ పొడిచింది. చేటంత పెచ్చు ఊడి, చాపమీద పడుకున్న మొగుడి తలకు జానెడు దూరంలో పడి ముక్కలైంది. పొద్దున్నే తాగొచ్చిన నటరాజ్ కదల్లేదు.

అతను అక్కడ పడుకున్నాడని ఆమెకు తెలుసు. తెలిసే పొడిచినానా? స్టూలు దిగి రోకలిని మూలన పెట్టింది.

అంతలో ఎలుమలై వచ్చాడు. ఆఫీసు తరఫున రిపేర్లు చూసే మనిషి. చేతిలో కాగితం.

"అక్కా, రిపేరు అయిపోయిందని ఒక సంతకం పెట్టు. మామ పొద్దున్నే పెట్టినాడు. ఇల్లు నీ పేరుతో ఉండాదని నీది కూడా అడగతా ఉండారు."

"ఏం రిపేరు? యాడ చేసినారు?"

"కాయితం పోతేనే కదా బిల్లు వొచ్చేది. మామకు ఊరికే తాపిస్తినా?"

అలిమేలమ్మ మొగుడివైపు చూసింది. "సోఫియాతో కూడా పెట్టించుకున్నావా?"

ఎలుమలై కింద పడిన పెచ్చులను చూస్తూ, "పోయిన నెల పెట్టింది," అన్నాడు.

పెన్ను ఆమె ముందుకు చాపాడు. "అందరూ పెట్టినారక్కా. మిగిలింది నువ్వొక్కదానివే."

"నేను పెట్టను."

అలిమేలమ్మ చాప కొసలు పట్టుకుని, మొగుణ్ణి చాపతో సహా వరండాలోకి ఈడ్చింది. తర్వాత స్టవ్వు, బియ్యం డబ్బా తెచ్చి పెట్టింది. ఎలుమలై ఎవరికో ఫోన్ చేస్తూ మెట్లు దిగాడు.

ఎదురింటి వరదమ్మ తలుపు సగం తెరిచి అంతా వింటోంది. "నేను నిన్ననే పెట్టేసినానే అలిమేలూ. ఇప్పుడేం చేసేది?"

అలిమేలమ్మ ఆమె భుజం మీదుగా లోపలికి చూసింది. వరదమ్మ వెనక, గది మధ్యలో, బీటలువారిన కప్పు కింద, చీర ఉయ్యాల మెల్లగా ఊగుతోంది.

"ముందు పాపను బయటికి తీసుకురా," అంది.