కళ్ళెదుట పెట్టిన సంతకం

ఆ గదిలో ఇద్దరు కూర్చుంటారు. కిటికీ వైపు సీనియర్ లాయరు ఐల్సా క్రైటన్, తలుపు వైపు ఆమె దగ్గర పని నేర్చుకుంటున్న హెస్టర్ మాల్ట్‌బీ. బల్లలు రెండూ ఎదురెదురు గోడలకు ఆనించి ఉండటంతో, పనిలో ఉన్నంతసేపూ ఒకరి వీపు ఒకరి వైపు ఉంటుంది. ఐల్సా ఊపిరి బరువుగా వదిలితే కక్షిదారు ఏదో కొత్త కోరిక కోరాడని, కుర్చీ కిర్రుమంటే తనకు పని పడబోతోందని హెస్టర్‌కు తెలిసిపోయేది. ముఖం చూడకుండానే ఒక మనిషిని ఇంతగా తెలుసుకోవచ్చని ఆమె ఈ ఉద్యోగంలో చేరాకే తెలుసుకుంది.

లండన్‌లో లాయరు కావాలంటే చదువు ముగిశాక రెండేళ్ళు ట్రైనీగా ఉండాలి. ఆరు నెలలకోసారి విభాగం మారుతుంది, గది మారుతుంది, వీపు మారుతుంది. దాన్ని వాళ్ళు సీటు మారడం అంటారు. హెస్టర్‌కు ఇది చివరి సీటు. వేసవి వచ్చేసరికి ఎవరిని లాయర్లుగా ఉంచుకుంటారో, ఎవరిని పంపేస్తారో చెప్పేస్తారు. ఈ విభాగంలో ఉన్నది ఒక్క ఖాళీ. దానికి ఇద్దరు అడిగారు.

రెండో మనిషి ఇంకో ట్రైనీ, రూఫస్. ఆ వారం టీ గదిలో ఎదురుపడి, "కత్తులతో తేల్చుకుందామా, బొమ్మాబొరుసా?" అన్నాడు.

"నీకు కత్తి పట్టడం రాదు కదా."

"అందుకేగా ముందే నీతో స్నేహం చేస్తున్నది," అని నవ్వి, తన కప్పు తీసుకుని వెళ్ళిపోయాడు.

అతను మంచివాడే. నవంబరులో హెస్టర్ వాళ్ళ నాన్న పోయినప్పుడు అందరి పేర్లతో వచ్చిన కార్డులో అతని అక్షరాలే కొంచెం పొడవుగా ఉన్నాయి. అంత్యక్రియలు ముగించుకుని ఆమె వాళ్ళ ఊరు గ్రిమ్స్‌బీ నుంచి తిరిగొచ్చిన రోజు ఐల్సా కుర్చీ తిప్పి, "ఏదైనా అవసరమైతే అడుగు," అంది. హెస్టర్ సరేనంది. ఆ కుర్చీ మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. ఆ తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోవడమే మర్యాద అక్కడ.

ఐల్సా కక్షిదారులైన కట్‌మోర్ కుటుంబం తమ వార్నిషు కంపెనీని ఒక డచ్చి సంస్థకు అమ్ముతోంది. వాటాదారులు ముగ్గురు. పెద్దాయన ఒకరు, ఆయన అన్నగారి పిల్లలిద్దరు. ఆ పిల్లలు సింగపూర్‌లో ఒకరు, టొరంటోలో ఒకరు. పెద్దాయన ఎర్నెస్ట్ కట్‌మోర్ మాత్రం థేమ్స్ నది సముద్రంలో కలిసే చోట, లీ అనే ఊళ్ళో ఒక్కడే ఉంటాడు. అమ్మకపు దస్తావేజు మీద ఎవరి సంతకం వారు పెట్టాలి. పెడుతుండగా ఒక సాక్షి అక్కడే ఉండి కళ్ళారా చూసి, కింద తన పేరు, చిరునామా, వృత్తి రాయాలి. ఫోనులో చూస్తే చెల్లదు, పక్కగదిలో ఉన్నా చెల్లదు. సాక్షి కావాల్సి వచ్చినప్పుడల్లా ఆఫీసులు ట్రైనీని పంపుతాయి. హెస్టర్ లీకి బయల్దేరిన రోజు ఉదయానికే సింగపూర్, టొరంటో సంతకాలు వచ్చేశాయి. సాయంత్రం ఒప్పందం ముగించాలి.

పెద్దాయన ముందుగా కాగితం చూసుకోవాలని అడిగితే, హెస్టరే అంతకు ముందు రోజు సంతకం పేజీని కొరియరులో పంపింది. ఎక్కడ పెట్టాలో ఆయన తడుముకోకూడదని, గీత పక్కన బాణం గుర్తున్న పసుపు చీటీ కూడా అంటించింది.

ఫెన్‌చర్చ్ స్ట్రీట్ స్టేషన్‌లో రైలెక్కి కూర్చున్నాక, పేజీతో పాటు రాసి పంపిన మాటలు మనసులో మళ్ళీ చదువుకుంటుంటే ఆమెకు తప్పు దొరికింది. 'నేను వచ్చేదాకా సంతకం పెట్టకండి' అన్న ఒక్క వాక్యం రాయలేదు. చేరిన మొదటి వారంలోనే ట్రైనీలందరికీ నేర్పే వాక్యం అది.

లీలో దిగేసరికి సముద్రం ఆటు మీద ఉంది. నీళ్ళు దూరంగా పోయి బురద మీద పడవలు ఒరిగిపోయి ఉన్నాయి. షెడ్లలో ఆల్చిప్పలు ఉడుకుతున్న వాసన. కట్‌మోర్ ఇంటి తలుపు మీది వార్నిషు అద్దంలా మెరుస్తోంది. ఆమె తట్టకముందే తెరుచుకుంది.

"నువ్వేనా లాయరమ్మాయివి? స్కూలుపిల్లలా ఉన్నావే. రా, రా. బూట్లు విప్పక్కర్లేదు, విప్పమని తిట్టే మనిషి ఇప్పుడు లేదు."

టీ కలిపాడు. పాలు ఎక్కువ పోశాడు. ఆ తర్వాత బల్ల మీదున్న కవరును వేలితో ఆమె వైపు జరిపాడు.

"ఇదిగో, నీ పని నేనే చేసిపెట్టాను. టీ తాగేసి మధ్యాహ్నం బండికే వెళ్ళిపో."

ఆమె పేజీ బయటకు తీసింది. పసుపు చీటీ పక్కన నల్ల సిరాతో సంతకం ఉంది.

"ఎప్పుడు పెట్టారండీ ఇది?"

"పొద్దున. టీ నీళ్ళు మరిగే లోపల. బాణం వేసి మరీ చూపించావుగా."

"కట్‌మోర్ గారూ, ఇది నేను చూస్తుండగా పెట్టాలి. లేకపోతే చెల్లదు."

ఆయన కళ్ళజోడు తీసి ఆమె వైపు చూశాడు. "అంటే, నా చెయ్యి కాదంటావా? వీధిలో పోయే కుక్క వచ్చి పెట్టిపోయిందా?"

"మీరే పెట్టారు. నేను చూడలేదు. అదే ఇబ్బంది. తప్పు నాదే, ముందే చెప్పాల్సింది. నా దగ్గర ఇంకో పేజీ ఉంది, దయచేసి..."

"ఇంకోసారా? కుదరదు." గొంతేమీ పెంచలేదు. "మా నాన్న పేరుతో నడిచిన కంపెనీ అది, అమ్మాయ్. నువ్వొచ్చి ఎదురుగా కూర్చుంటే చెయ్యాడదని నాకు తెలుసు. అందుకే నువ్వు రాకముందే ముగించేశాను. ఒకసారి చేశాను. రెండోసారి నా వల్ల కాదు."

ఆమె పాత పేజీని బల్ల మీద పెట్టింది. ఆయనే మెత్తబడ్డాడు.

"ఇంత రాద్ధాంతం దేనికి? నీ పేరు రాసేయ్. చూసేవాళ్ళెవరు? నువ్వూ నేనూ, కిటికీ మీద ఆ సముద్రపు కాకీ. దానికి ఒక బిస్కెట్ పారేస్తే అదీ నోరెత్తదు."

ఫోను మోగింది. ఐల్సా పంపిన రెండే మాటలు: అయిందా? డచ్చివాళ్ళు అడుగుతున్నారు.

హెస్టర్ పెన్ను తీసింది. ఈ వారమే ఎవరు ఉండాలో తేలుస్తారు. ఈ తప్పు బయటపడితే రూఫస్‌తో పోటీ ఇంక ఉండదు. సాక్షి గీత మీద ఐదు నిమిషాల పని. ఆయన మాట అబద్ధం కాదు, సంతకం దొంగదీ కాదు. పెన్ను కాగితానికి వెంట్రుకవాసి దూరంలో ఆగింది.

నవంబరులో రైలు ఆలస్యమై ఆసుపత్రికి చేరేసరికి నాన్న మంచం చుట్టూ తెర లాగేసి ఉంది. ప్రశాంతంగా పోయాడని డాక్టరన్నాడు, అత్త అంది, పాదిరీ అన్నాడు. ఒక నర్సు తెర పక్కన దుప్పటి మడుస్తుంటే, "మీరు దగ్గరున్నారా?" అని అడిగింది హెస్టర్. ఆ నర్సు దుప్పటి మడవడం ఆపింది. అవునని చెప్పడం ఎంత తేలికో ఆమె ముఖంలోనే కనిపించింది. "లేనమ్మా. నేను పక్క మంచం చూసుకుని వచ్చేసరికి అయిపోయింది. ఎలా పోయారో నాకు తెలియదు," అంది. ఆ క్షణాన ఆమె మీద కోపం వచ్చింది. ఆ తర్వాత నెలల్లో, ఆ వారం విన్న మాటలన్నిటిలో నమ్మడానికి మిగిలింది ఆ ఒక్క మాటే.

హెస్టర్ పెన్నుకు మూత పెట్టింది.

"నేను చూడలేదండీ," అంది. "చూశానని రాయలేను."

ఆయన ఎదుటే ఐల్సాకు ఫోను చేసింది. కొరియరు సంగతి, రాయని వాక్యం, ఏదీ దాచకుండా చెప్పింది. అవతల కుర్చీ కిర్రుమంది.

"ఇంకో పేజీ తీసుకెళ్ళావా?"

"తీసుకొచ్చాను. ఆయన పెట్టనంటున్నారు."

"పెట్టేదాకా అక్కడే కూర్చో. డచ్చివాళ్ళతో నేను మాట్లాడతాను. మిగతాది వచ్చాక." ఫోను పెట్టేసింది.

కట్‌మోర్ అంతా విన్నాడు. "నిన్ను పీకేస్తారా?"

"పీకరు. ఉంచుకోకపోవచ్చు."

"రెంటికీ తేడా ఏమిటో లాయర్లకే తెలియాలి," అంటూ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఆమె బతిమాలలేదు. చట్టం గురించి మళ్ళీ చెప్పలేదు. చల్లారిన టీ తాగుతూ కూర్చుంది. ఆటు పోయి పోటు మొదలైంది. బురదలో సన్నని పాయలుగా నీళ్ళు లోపలికొస్తున్నాయి.

చాలాసేపటికి ఆయన కిటికీ దగ్గర నుంచి వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. "చెక్కు మీద సంతకం పెట్టినా మా ఆవిడ మ్యూరియల్ అదిగో, ఆ కుర్చీలోనే కూర్చునేది. నాలిక బయటపెడతానట రాసేటప్పుడు. 'ఎర్నీ, లోపల పెట్టు, ఈగ వాలుతుంది' అనేది. యాభై ఏళ్ళలో ఆవిడ పక్కన లేకుండా పెట్టిన సంతకం ఏదీ లేదు, పొద్దున పెట్టింది తప్ప." పాత పేజీ వైపు చూశాడు. "అబద్ధమెందుకు, బాగా రాలేదు అది."

హెస్టర్ ఆ కుర్చీ వైపు చూసింది. "నేను అక్కడ కూర్చోనా?"

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. తర్వాత గెడ్డంతో అటు చూపించాడు. ఆమె వెళ్ళి కూర్చుంది. కొత్త పేజీ తీసి ఆయన ముందు పెట్టింది. దానికి పసుపు చీటీ లేదు.

"చూస్తావుగా సరిగ్గా? ఫోను చూసుకోవుగా?"

"చూస్తాను."

ఆయన పెన్ను పట్టాడు. నాలిక కొస నిజంగానే బయటికి వచ్చింది. పేరు మొదటి భాగం గబగబా వచ్చేసింది. ఇంటిపేరు దగ్గర చెయ్యి నెమ్మదించింది, ఆగలేదు. ముందు అక్షరాలన్నీ పూర్తి చేసి, మళ్ళీ వెనక్కొచ్చి ఇంగ్లీషు టీ అక్షరానికి అడ్డగీత కొట్టాడు, తలుపుకు ఆఖరి పూత వేసినట్టు, ఒక్క ఊపులో. ఆమె రెప్ప వెయ్యకుండా చూసింది. ఆ తర్వాత తన పేరు రాసింది, అద్దెగది చిరునామా రాసింది. వృత్తి దగ్గర, శిక్షణలో ఉన్న లాయరు అని రాసింది.

గుమ్మం దగ్గర ఆయన, "ఈగ వాలలేదుగా?" అన్నాడు.

"వాలలేదు," అంది.

ఆమె ఆఫీసుకు చేరేసరికి కిటికీలో ఇంకా వెలుతురుంది. పేజీ అందుకుని ఐల్సా అటూ ఇటూ చూసి స్కాన్ చేయించింది. కాసేపటికి అందరూ ఫోనులోకి వచ్చారు. ఒకరి తర్వాత ఒకరు సరేనన్నారు. కట్‌మోర్ కంపెనీ డచ్చివాళ్ళదైంది. ఎవరో అభినందనలన్నారు. లైన్లు కట్టయ్యాయి.

కుర్చీ కిర్రుమంది. ఐల్సా ఇటు తిరిగింది.

"తలుపు వెయ్యి హెస్టర్." వేశాక చెప్పింది. "ఆ ఉద్యోగం రూఫస్‌కి ఇచ్చారు. నిన్ననే తేలిపోయింది. ఇవాళ్టి దానికీ దీనికీ సంబంధం లేదు. రేపు పొద్దున అధికారికంగా చెప్తారు, నువ్వు వాళ్ళ నోట వినకూడదనిపించింది."

హెస్టర్ నిలబడే ఉంది. "ఆ నిర్ణయం తీసుకుంటున్నప్పుడు మీరు ఆ గదిలో ఉన్నారా?"

ఐల్సా ఆమె ముఖం వైపు చూసింది. "ఉన్నాను. నీ కోసం అడిగాను. అడగాల్సినంత గట్టిగా అడగలేదేమో. కానీ ఉన్నాను."

"థాంక్స్," అంది హెస్టర్. ఆ మాట మర్యాదకు అన్నది కాదు.

ఐల్సా కిటికీ వైపు తిరిగింది. కాసేపటికి కీబోర్డు చప్పుడు మొదలైంది.

తనతో తెచ్చిన చెల్లని పేజీని ఉంచకూడదు, నలిపి చెత్తలోనూ పడేయకూడదు. కాగితాలు చించే మిషనులో వెయ్యాలి. వరండా చివర మిషను దగ్గర నిలబడి హెస్టర్ పొద్దుటి సంతకాన్ని మొదటిసారి సరిగ్గా చూసింది. ఇంటిపేరు మధ్యలో పెన్ను ఆగిపోయిన చోట సిరా ఊరి, కందిగింజంత మచ్చయింది. అక్కడి నుంచి మిగతా అక్షరాలు గీత దిగి కిందికి జారాయి. టీ అక్షరానికి అడ్డగీతే లేదు.

టీ నీళ్ళు మరిగాయని కెటిల్ అరుస్తుంటే ఆ ముసలాయన వంటింట్లో పెన్ను పట్టుకుని ఒక్కడే ఆగిపోయి ఉంటాడు.

వెనక ఎవరో కాగితాలతో వచ్చి నిలబడ్డారు. "అయిందా?"

"ఒక్క నిమిషం," అంది హెస్టర్. ఆ మచ్చను ఇంకొంచెంసేపు చూసి, పేజీని మిషనుకు అందించింది.