ఎనిమిదేళ్ల ఖాళీ

మునీశ్వరికి ఉద్యోగం రాకపోవడానికి కారణం ఒకే ఒక్క మాట. ఆ మాట అన్నది ఆమే కాబట్టి, నెపం ఇంకొకరి మీదికి తోయడానికి కూడా లేదు.

మూడు ఇంటర్వ్యూలకు పోయింది. మొదటిది మదనపల్లెలో, తర్వాతవి రెండూ పుంగనూరులో. మూడుచోట్లా పేరడిగారు, ఊరడిగారు, బీఎస్సీ సర్టిఫికెట్టు చూసి ఫస్టు క్లాసే అని మెచ్చుకున్నారు. అంతవరకూ బండి బాగానే నడిచేది. ఆ తర్వాత కాగితం మీద వేలు పెట్టి, "డిగ్రీ అయి ఎనిమిదేళ్లయింది కదమ్మా, ఇన్నాళ్లూ ఏం చేస్తాంటివి?" అని అడిగేవాళ్లు.

"ఊరికే ఇంట్లో ఉండాను సార్," అనేది మునీశ్వరి.

అడిగినాయన తలూపి, "సరేమ్మా, మేమే ఫోన్ చేస్తాం" అనేవాడు. నిజంగా ఫోన్ చేసేవాళ్లు ఆ మాట అంత మెత్తగా అనరని ఆమెకు రెండో ఇంటర్వ్యూకే అర్థమైపోయింది.

నాలుగోది కుప్పంలో పడింది. ఒక పాల కంపెనీ హెడ్డాఫీసులో. ట్రైనీ పోస్టు, పని మాత్రం మదనపల్లె సెంటర్లో. పెద్దతిప్పసముద్రం పక్కనున్న ఆమె పల్లె నుంచి రోజూ బస్సులో పోయి రావచ్చు. ఇదే ఆఖరిదని ఇంట్లో మాట అయిపోయింది. మొగుడు రాజేంద్ర బెంగళూరులో గోడౌన్ పని చేస్తాడు. "ఈసారి రాకపోతే ఆవుల్ని అమ్మేసి అందరం ఈడికే వచ్చేద్దాం. నువ్వు గార్మెంట్సుకు పోవచ్చు" అన్నాడు. కోపంతో అన్నది కాదు, ఒంటరిగా వండుకుని తిని విసిగిపోయి అన్నది. గార్మెంట్సంటే మునీశ్వరికి చిన్నచూపేమీ లేదు. ఆ పల్లె నుంచి పోయినవాళ్లు నలుగురూ బాగానే బతుకుతున్నారు. కానీ ఆమెకు పశువులు తెలుసు, పాలు తెలుసు. తెలిసిన పని వదిలేసి తెలియని కుట్టుమిషను ముందు కూర్చోవాలంటే ప్రాణం ఒప్పలేదు. అందుకే సిగ్గు విడిచి దొరస్వామి గుంపులో చేరింది.

మదనపల్లెలో ఒక టైలరు దుకాణం పైన మేడగది ఉంది. ఆదివారం పది గంటలకు ఉద్యోగాలు వెతుక్కునేవాళ్లు అక్కడ చేరతారు. ఫీజు లేదు, వీధిలో పేరుబోర్డు లేదు. ఒకరినొకరు ప్రశ్నలు అడుక్కోవడం, తప్పు చెబితే నవ్వుకోవడం, మళ్లీ అడుక్కోవడం, ఇదే చదువు. నడిపేది దొరస్వామి. హెడ్‌క్లర్కుగా రిటైరైన మనిషి. వయసులో ఉన్నప్పుడు పదమూడు ఇంటర్వ్యూల్లో తప్పి పద్నాలుగోదాంట్లో నెగ్గాడట. ఆ పదమూడూ తలుచుకుంటే ఆయనకిప్పటికీ ఒళ్లు మండుతుంది, ఆ మంటంతా గదిలోని పిల్లల మీద చూపిస్తాడు. అయినా ఒక్కరూ మానరు, ఎందుకంటే ఆయన తిట్టినవాళ్లకు ఉద్యోగాలు వస్తున్నాయి.

మొదటి ఆదివారం మునీశ్వరిని అడగడానికి శ్వేత కూర్చుంది. పుంగనూరు పిల్ల, ఇంజనీరింగు అయి రెండేళ్లుగా తిరుగుతోంది. ఆఫీసరు వేషం వేయమంటే వాళ్ల నాయన కళ్లజోడు పెట్టుకుని మరీ వేస్తుంది.

"ఎనిమిదేళ్లు గ్యాపు ఉండాది. ఏం చేస్తాంటివి?" అంది శ్వేత, కళ్లజోడు మీదుగా చూస్తూ.

"ఊరికే ఇంట్లో ఉండాను మేడమ్."

కిటికీ దగ్గర నిలబడిన దొరస్వామి ఇటు తిరిగాడు. "ఊరికే అంటే ఎట్లమ్మా? పొద్దస్తమానం గోడకు ఆనుకోని కూర్చోనుంటావా?"

"లేదు సార్, ఆవులుండాయి కదా. నాలుగు."

"పాలెవురు పిండేది?"

"నేనే. ఆ పైన ఊరోళ్లు పాలు తెస్తారు."

"మీ ఇంటికి యాల తెస్తారు?"

"మా అరుగు మిందనే కదా సార్ పాలకేంద్రం. మాతో కలిపి ముప్పై ఆరు ఇండ్లోళ్లు పోస్తారు. కొలిచేది, ఫ్యాటు చూసేది, వ్యానుకు ఎక్కించేది…"

"అదెవురు?"

"నేనే."

"కేంద్రం ఎవరి పేరు మింద ఉండాది?"

"మా ఆయన పేరు మింద."

"ఆయన యాడుండాడు?"

"బెంగళూర్లో."

"ఓహో. ఆడినుంచే కొలుస్తాడా?"

గదంతా నవ్వింది. మునీశ్వరి కూడా నవ్వింది. "అట్ల కాదు సార్, ఎవురో ఒకరు చూసుకోవాల కదా, అందుకని ఊరికే నేనే ఆరేండ్లుగా…"

దొరస్వామి ఒక్కడే నవ్వలేదు. ఆయనకు నిజంగానే కోపం వచ్చింది. "పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరోళ్లంటే అర్థముండాది. ఆ చెట్టే ఆ మాట అంటే ఎట్లమ్మా?" అన్నాడు.

ఆ రోజే ఆ గదిలో కొత్త చట్టం వచ్చింది. 'ఊరికే' అన్నవాళ్లు కిందికి దిగి అందరికీ టీ మోసుకు రావాలి. మధ్యాహ్నం లోపల మునీశ్వరి మూడుసార్లు మెట్లు దిగింది. మూడోసారికి టీ అంగడాయన, "పైన ఏందమ్మా, పెండ్లి మాటలు జరగతాండాయా?" అని అడిగాడు.

నాలుగు ఆదివారాలు అదే పని. ఆమె చేసే పనులన్నీ శ్వేత గదిలోని నల్లబోర్డు మీద రాసింది. బోర్డు చాలక పాత క్యాలెండరు వెనక రాసింది. అందులోంచి రెండు నిమిషాల జవాబు తయారైంది. 'పాడి నిర్వహణ', 'నాణ్యత పరీక్ష' లాంటి నున్నటి మాటలతో, మధ్యలో రెండు ఇంగ్లీషు వాక్యాలతో. పాలు పిండుతూ ఆవులకు చెప్పి చెప్పి మునీశ్వరి దాన్ని నోటికి తెచ్చుకుంది. అత్త పాపమ్మ ఒకనాడు కొట్టం గుమ్మంలో నిలబడి అంతా విని, "ఆవుకేం ఉద్యోగం ఇస్తాండావే?" అని అడిగి పోయింది. ఆమె మాటలెప్పుడూ అంతే, చింతకాయ కొరికినట్టు ఉంటాయి.

ఇంటర్వ్యూ రోజు మదనపల్లెలో కుప్పం బస్సు పట్టుకుంది. పుంగనూరులో శ్వేత ఎక్కింది. పక్కన కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, పలమనేరు దాకా అదే ప్రశ్న పదకొండుసార్లు అడిగింది. ఆరోసారికి వెనక సీటు పెద్దాయన, "కొంచెం గట్టిగా చెప్పమ్మా, ఈడికి వినపళ్లా" అన్నాడు. తొమ్మిదోసారికి కండక్టరు కూడా వచ్చి నిలబడి విని, బాగుందన్నాడు. పలమనేరులో శ్వేత దిగి, కిటికీలోంచి ఆమె చేయి గట్టిగా పట్టుకుంది. "అడగంగానే భయపడొద్దు అక్కా. వాళ్లు అడిగేది అదొక్కటే."

వాళ్లు అడగలేదు.

కుప్పం ఆఫీసులో పదిమంది దాకా వచ్చారు. అందరూ ఆమెకంటే చిన్నవాళ్లు, చేతుల్లో మెరిసే ఫైళ్లు. మునీశ్వరి వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. లోపల ఇద్దరున్నారు. మేనేజరు చంద్రశేఖర్, పక్కన పశువుల డాక్టరు జయలక్ష్మి. చంద్రశేఖర్ పేరు అడిగాడు, మార్కులు చూశాడు, స్కూటీ వచ్చా అన్నాడు. వచ్చంది. కాగితం మీద ఆయన వేలు డిగ్రీ సంవత్సరం దగ్గర ఆగింది. మునీశ్వరి సిద్ధంగా కూర్చుంది. ఆ వేలు అక్కడ ఒక క్షణం నిలబడి, పాపం అన్నట్టు పక్కకు జరిగింది. ఆయన కాగితం మూసి, మెత్తగా అన్నాడు.

"సరేమ్మా. మేమే ఫోన్ చేస్తాం."

మునీశ్వరి లేచింది. నమస్కారం పెట్టింది. తలుపు దాకా నడిచింది కూడా. అడిగి కాదన్నవాళ్లు మూడుచోట్ల ఉన్నారు, వాళ్లమీద ఆమెకు కోపం లేదు. కానీ ఈయన అడగకుండానే జవాబు తెలిసిపోయినట్టు మూసేశాడు. నాలుగు వారాలు వల్లించింది, బస్సంతా పదకొండుసార్లు విన్నది, ఇక్కడ వినేవాళ్లకే అక్కర్లేకపోయిందా? అడగందే అమ్మయినా అన్నం పెట్టదంటారు. సరే, అడిగేది మనమే అడుగుదామని ఆమె వెనక్కి తిరిగింది. వచ్చి మళ్లీ కుర్చీలో కూర్చుంది.

"సార్, మీరు ఒక ప్రశ్న అడగలేదు."

చంద్రశేఖర్ తలెత్తాడు. "ఏం ప్రశ్న?"

"డిగ్రీ అయి ఎనిమిదేండ్లయింది కదా, ఇన్నాళ్లూ ఏం చేస్తాంటివని. అందరూ అడుగుతారు సార్. మీరు అడగలేదు. నేను దానికోసరమే నాలుగు వారాలు చదువుకోని వచ్చినా. అడగండి సార్."

ఆయన పక్కకు చూశాడు. పక్కనున్న డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి, నవ్వు ఆపుకుంటూ ముందుకు వంగింది. "ఆయన అడక్కపోతే నేను అడుగుతాండాను. చెప్పమ్మా, ఇన్నాళ్లూ ఏం చేస్తాంటివి?"

మునీశ్వరి మొదలుపెట్టింది. పాడి నిర్వహణ వచ్చింది. నాణ్యత పరీక్ష వచ్చింది. ఇంగ్లీషు వాక్యం ఒకటి కూడా తడబడకుండా వచ్చింది. ఆ తర్వాత రావలసింది రాలేదు. ఎంత తడుముకున్నా దొరకలేదు. ఆవుల ముందు గడగడా చెప్పినదంతా ఎటు పోయిందో.

"వల్లించింది చాల్లేమ్మా," అంది డాక్టరమ్మ. "ఆ ఎనిమిదేండ్లల్లో నీకు శానా కష్టమైన దినం ఏది? అది చెప్పు."

ఈ ప్రశ్న బోర్డు మీద లేదు, క్యాలెండరు వెనకా లేదు. మునీశ్వరి సర్టిఫికెట్లు బల్ల మీద పెట్టేసింది.

"పోయిన ఎండాకాలం మేడమ్. వరసగా మూడు దినాలు మా కేంద్రం పాలు విరిగిపోయినాయి. వ్యానోళ్లు వెనక్కి పంపించేసినారు. ముప్పై ఆరు ఇండ్ల పాలు కాలవలో పోసినాము. ఊర్లో ఒకరి మింద ఒకరికి అనుమానం. సిద్దమ్మ అని ఒంటరి మనిషి, ఒకే ఆవు పెట్టుకోని బతకతాది. ఆ యమ్మే ఏదో కలుపుతాదని నింద ఏసినారు."

"నువ్వేం చేసినావు?"

"నాలుగో దినం ఎవరి పాలూ క్యానులో కలపలేదు మేడమ్. ఒక్కో ఇంటి పాలు ఒక్కో గ్లాసులో ఎత్తిపెట్టి, పొయ్యి మింద ఒక్కొక్కటే కాగబెట్టి చూసినా. ముప్పై ఐదు బాగుండాయి. ఒకటి విరిగింది."

"ఎవరిది?" అన్నాడు చంద్రశేఖర్. కాగితం మీద నుంచి ఆయన చేయి ఎప్పుడో తీసేశాడు.

"మాదే సార్."

డాక్టరమ్మ పెన్ను మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"మా అత్త బిడ్డ మాదిరి సాకిన ఆవు. పొదుగు వాపు అప్పుడే మొదులు, పైకేమీ కనపళ్లా."

"ఎవరికీ చెప్పకుండా మీ పాలు ఆపేసుంటే సరిపోయేది కదమ్మా," అన్నాడాయన. ఆయన పరీక్షకు అడిగాడో, నిజంగానే అడిగాడో.

"సరిపోయేది సార్. అప్పుడు సిద్దమ్మ సంగతి ఏం కావాల? సాయంత్రం అందరూ క్యాన్లు తెచ్చేటప్పుడు అరుగు మింద నిలబడి చెప్పినా, పాలు మావే, తప్పు మాదే, ఆ యమ్మను ఒక్క మాట అనొద్దండని. ఆవుకు నయమయ్యేవరకు పది దినాలు మా పాలు కేంద్రంలో పోయలేదు. మా అత్త పది దినాలూ నాతో మాట్లాడలేదు. పదకొండో దినం ఆమే వచ్చి, పొదుగు ఎట్ల కడగాలో సూపీమే అనింది. ఇప్పుడు ఊర్లో అందరూ కడిగే పిండతారు. మళ్లీ ఒక్క దినం కూడా పాలు వెనక్కి రాలేదు సార్."

చెప్పడం అయిపోయింది. తన నోట తన సంగతి వింటూ ఉంటే మునీశ్వరికే ఆశ్చర్యమేసింది. ఇంత చేసిందా తను? ఆ రోజు అరుగు మీద నిలబడినప్పుడు భయం తప్ప ఇంకేమీ తెలియలేదు. ఇప్పుడు తెలిసింది. ఒంట్లో నరనరానా సంతోషం పాకింది. ఉద్యోగం రాకపోయినా సరే, ఈ కుర్చీలో కూర్చుని ఇది చెప్పాను, నాకది చాలు అనుకుంది. అనుకున్నంత మాత్రాన చాలదని కూడా ఆమెకు తెలుసు.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. డాక్టరమ్మ ఏదో రాసి ఆయన వైపు జరిపింది. ఆయన చదివి, గొంతు సవరించుకున్నాడు.

"ట్రైనీ పోస్టు నీకు ఇయ్యలేమమ్మా."

బెంగళూరు, మిషను, అమ్మేసిన ఆవులు, అన్నీ ఒక్కసారి మునీశ్వరి కళ్లముందు తిరిగాయి. అయినా తల దించలేదు.

"ట్రైనీ అంటే మేము నేర్పించాల. నీకు మేమేం నేర్పేది," అన్నాడు చంద్రశేఖర్. ఇప్పుడాయన ముఖం నిండా నవ్వు. "మదనపల్లె సెంటర్లో ఫీల్డ్ సూపర్‌వైజరు పోస్టు ఒకటుండాది. కింద నలభై ఊర్లు. బయట కూర్చోనుండారే, ఆ పిల్లోళ్లలో ఎవురిని తీసుకున్నా, నువ్వే వాళ్లకు పని నేర్పాల. చేస్తావా?"

"చేస్తాను సార్."

ఆలోచించకుండా వచ్చేసింది ఆ మాట. వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

"నలభై ఊర్లు తిరగాల, చిన్న పని కాదు," అంది డాక్టరమ్మ, దయగా. ఆమె ఎందరు ఆడవాళ్లను చూసి ఉంటుందో, వాళ్లందరికీ చెప్పే మాటే చెప్పింది. "తొందరేం లేదు. ఇంట్లో అడిగి, రేపు ఫోన్ చేసి చెప్పినా సరే."

అరుగు మీద నిలబడిన ఆ ఒక్క సాయంత్రం తప్ప, ఎనిమిదేళ్లలో మునీశ్వరి ఇంట్లో అడగకుండా చేసిన పని లేదు. పుట్టింటికి పోవాలన్నా, పండక్కి చీర కొనాలన్నా, ఈ నాలుగు ఆదివారాలు బస్సెక్కాలన్నా, ఒకసారి అత్తనూ ఒకసారి ఫోన్లో మొగుణ్ణీ అడిగే చేసింది. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, చాలాసార్లు సరేననేవాళ్లే. అయినా అడగాల్సిందే.

ఆమె సర్టిఫికెట్లు సర్దుకుని లేచి నిలబడింది.

"ఇంట్లో చెప్తాను మేడమ్," అంది. "సోమవారం పొద్దున్నే సెంటర్లో ఉంటాను."