అయిదూ అయిదూ పది

చక్రం ఇంకా నాలుగు వేళ్ళు లేవాలి. మేస్త్రీ ఈ జాకీని నాలుగు పోట్లు, ఆ జాకీని నాలుగు పోట్లు కొడుతున్నాడు. చెమట కళ్ళల్లోకి దిగి మండుతోంది. లారీ మీద రెండు వందల సిమెంటు బస్తాలు అలాగే ఉన్నాయి. విరిగిన స్ప్రింగు కమాను కట్ట మార్చడానికి కింద దూరినవాడు అతని చెల్లెలి మొగుడు.

షెడ్డులో ఇరవై టన్నుల జాకీ లేకపోలేదు. సీలు పోయి, నూనె కారుతూ మూడు నెలలుగా మూలన పడి ఉంది. మిగిలినవి కార్లకు వాడే అయిదు టన్నులవి రెండు. పెద్దది బాగుచేయించమంటే ఓనరు ఒకటే లెక్క చెబుతాడు: "అయిదూ అయిదూ పది కాదా?" కాగితం మీద పదే. కానీ రెండు జాకీలు ఎప్పుడూ సమంగా లేవవు. ఒకటి కాస్త ముందు లేచిందా, బరువంతా దాని నెత్తినే. రెండోది ఊరికే నిలబడి చూస్తుంది. ఈ సంగతి మేస్త్రీకి పదేళ్ళుగా తెలుసు. తెలిసీ, రోజుకు ఏడు వందల కూలి ఎక్కడ పోతుందోనని ఓనరు తానా అంటే తందానా అన్నాడు.

ఎడమ జాకీ అడుగున పెట్టిన చెక్క చిట్లింది. జాకీ ఓ పక్కకు ఒరిగింది.

"బావా, బయటికి రా."

"బోల్టు వదులవుతోంది బావా, ఒక్క నిమిషం."

"బోల్టు పాడుగాను, ముందు రా."

ముందు కాళ్ళు, తర్వాత నడుము, చివరికి తల బయటికొచ్చాయి.

ఓనరు గబగబా వచ్చాడు. "మూడింటికల్లా బండి కదలాలని పార్టీ నా ప్రాణం తీస్తోంది. చెక్క మార్చి కానివ్వండి."

"బస్తాలు దించాలండీ. లేదంటే పెద్ద జాకీ అద్దెకు తెప్పించండి. వీటితో కాదు."

"ఇన్నాళ్ళూ అయింది కదయ్యా?"

మేస్త్రీ సిగ్గుతో చితికిపోయాడు. అయింది, నిజమే. దినదినగండం నూరేళ్ళ ఆయుష్షుగా అయింది. కింద దూరిన ప్రతివాణ్ణీ దూర్చింది తనే.

"మీ బావకు లేని భయం నీకెందుకు?" అన్నాడు ఓనరు.

బావకు భయం లేక కాదు, పని పోతుందన్న భయం ఇంకా పెద్దది. చేతులు తుడుచుకుని మళ్ళీ వంగబోయాడు. మేస్త్రీ అతని కాలరు పట్టుకుని ఆపాడు.

"నువ్వు దూరితే నేను కొట్టను."

అని ఊరుకోలేదు, రెండు జాకీల మరలూ వదిలేశాడు. చక్రం మెల్లగా నేలకు దిగింది. పొద్దుటి నుంచి చేసిన పనంతా దాంతోపాటే దిగిపోయింది.

"నువ్వు కాకపోతే ఇంకొకడు కొడతాడు," అంటూ ఓనరు వెల్డర్ని కేకేశాడు. వెల్డరు తలెత్తి చూశాడు. లేవలేదు.

నీడన కూర్చున్న డ్రైవరు లేచి, లారీ ఎక్కి, టార్పాలిన్ తాడు ముడి విప్పడం మొదలుపెట్టాడు.

"దించమని ఎవరు చెప్పారు? హమాలీ కూలి ఎవడిస్తాడు?"

మొదటి బస్తా అంచుకు జరిగింది. బావ వెళ్ళి దాని కింద భుజం పెట్టాడు.