ఏడో నంబరు మిషను కొట్టిన కాగితం

నేను ఒక తెలుగు టైపు మిషన్ని. పుట్టింది ఎక్కడో పెద్ద కర్మాగారంలోనే అయినా నాకు ఊహ తెలిసింది తుని స్టేషను రోడ్డులో, అప్పలనరసయ్య మాస్టారి ఇన్‌స్టిట్యూట్‌లో. కొన్న రోజునే ఆయన నా వీపు మీద తెల్లరంగుతో ఏడు అని వేశారు. అప్పట్నుంచి అదే నా పేరు.

పొద్దున్న ఆరు నుంచి దీపాలు పెట్టేదాకా గంటకొకరు వచ్చి నన్ను బాదేవారు. గుమాస్తా ఉద్యోగం కోసం కొందరు, పెళ్లిచూపుల్లో చెప్పుకోవడానికి కొందరు, పక్క మిషను దగ్గర కూర్చునే అమ్మాయి కోసం ఇంకొందరు. పరీక్షలొస్తే నన్ను గోనెసంచిలో చుట్టి పరీక్ష హాలుకు రిక్షా ఎక్కించేవారు. పాసైతే వాళ్ల తెలివి, తప్పితే ఏడో నంబరు దోషం. మనుషుల లెక్కలు నాకు అక్కడే తెలిశాయి.

మాస్టారిది ఒకటే సూత్రం. అర్థం మన పని కాదు, అక్షరం మన పని. టైపు కొట్టేవాడు విషయంలో పడ్డాడంటే వేలు తడబడుతుందని ఆయన నమ్మకం. కొట్టిన ప్రతి కాగితాన్నీ ఎర్రపెన్సిలు పట్టుకుని అక్షరం అక్షరం చూసి, తప్పున్న చోట సున్నా చుట్టేవారు. శుభలేఖైనా, కోర్టు నోటీసైనా, చావు కబురైనా ఆయనకు ఒకటే. తప్పు లేకపోతే అడుగున సంతకం పెట్టేవారు. నలభై ఏళ్లు అలాగే చూశారు.

కంప్యూటర్లు వచ్చాక ఇన్‌స్టిట్యూట్ మూతపడింది. మాలో చాలామంది తూకానికి వెళ్లిపోయారు. మిగిలిన ఐదింటిని మాస్టారు ఇంటి వెనక గదిలో పెట్టి వారం వారం నూనె వేసేవారు. పాతసామాన్లవాడు వస్తే గుమ్మంలోంచే పంపేసేవారు. మళ్లీ ఎవరో ఒకరు వచ్చి మా ముందు కూర్చుంటారని ఆయన ఆశ. నాదీ అదే ఆశ. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

అలా వచ్చింది ఈశ్వరి. ఆఖరి బ్యాచిలో నా మీదే నేర్చుకుని టైపు లోయర్ పరీక్ష పాసైన పిల్ల. ఇప్పుడు నలభై దగ్గర పడింది, బొమ్మలు వేస్తుంది. విశాఖపట్నంలో ఒక డాక్టరుగారి ఆసుపత్రి పైన ‘నడవ’ అని రెండు గదుల ప్రదర్శనశాల ఉందట. పెద్ద గ్యాలరీలు గుమ్మం ఎక్కనివ్వనివాళ్ల కోసం షాహిన్ అనే ఆవిడ దాన్ని నడుపుతోందట. అక్కడ మా ఐదింటినీ బల్లల మీద పెడతానంది. వచ్చినవాళ్లు ఎవరితోనో చెప్పలేకపోయిన మాటను మా మీద కొట్టాలి, వేళ్లు ఎలా పెట్టాలో మాస్టారే దగ్గరుండి చూపించాలి. ఆ ప్రతిపాదనను నా మీదే కొట్టింది. ఆ రోజు మాస్టారు ఇంట్లో రెండుసార్లు కాఫీ పెట్టించారు.

పది రోజులకు షాహిన్ జవాబు వచ్చింది. ఆలోచన బాగుంది, కానీ గది చిన్నది, ఐదు బల్లలు పట్టవు. చప్పుడైతే కింద డాక్టరుగారు ఊరుకోరు. మిషన్లను పైకప్పు నుంచి వేలాడదీసి, మీటలు ఊడదీసి కింద పోస్తే మూగబోయిన మాటల గురించి చెప్పినట్టుంటుంది, ఆలోచించమంది. ఈశ్వరిని అప్పటికే నాలుగుచోట్ల కాదన్నారు. రెండు రోజులు నలిగిపోయి, మూడో రోజు వచ్చి నా ముందు కూర్చుంది. ‘మిషన్ల మీటలన్నీ ఊడదీసి నేల మీద కుప్పగా పోస్తాము’ అని కొట్టింది. నా చావు కబురును నా అక్షరాలతోనే, ఒక్క మరక లేకుండా అచ్చువేశాను.

ఆ మాట నోటితో చెప్పడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. కాగితం మాస్టారి చేతికిచ్చింది.

“ఇందులో కొంత మార్చేను మాస్టారూ. మీరు చూసి సరే అంటేనే పంపుతాను.”

ఆయన కళ్లజోడు పెట్టుకుని పెన్సిలు తీశారు. పెన్సిలు మొన ఒక్కో అక్షరం కిందుగా నడిచింది. ఆ వాక్యం కిందుగానూ నడిచింది, ఎక్కడా ఆగలేదు. అడుగున సంతకం పెట్టి, పంపించమన్నారు. ఎంత పెద్ద మనసు అనుకుని ఈశ్వరి కళ్లనీళ్లు పెట్టుకుంది, వంగి ఆయన కాళ్లకు దణ్ణం పెట్టింది. ఎందుకో తెలియకుండానే ఆయన దీవించారు.

షాహిన్ ఒప్పుకున్నాక మమ్మల్ని వ్యానులో విశాఖపట్నం చేర్చి, మీటలు అక్కడే ఊడదీశారు. ప్రదర్శన మొదలైన సాయంత్రం మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, సంచిలో కొత్త రిబ్బన్లు, నూనె డబ్బా పెట్టుకుని వచ్చారు. గదిలో బల్లల కోసం వెతికారు. తర్వాత తల పైకెత్తారు. తీగలకు వేలాడుతూ నేను ఆయన్ని చూశాను. ఆయన వంగి నేల మీది కుప్పలోంచి ఒక మీట తీయబోతే, ఆయనెవరో తెలియని షాహిన్ వచ్చి, ప్రదర్శనలో వస్తువులను ముట్టుకోకూడదని మర్యాదగా చెప్పింది.

ఈశ్వరి పరుగున వచ్చి ఆయన్ని గోడ దగ్గరికి తీసుకెళ్లింది. ప్రతిపాదన అక్కడ అద్దంలో ఉంది, కింద ఆయన సంతకం ఉంది. ఆయన పెదవులు కదుపుతూ చదివారు. ఆయన అలా చదవడం నేనెప్పుడూ చూడలేదు.

“నేను అచ్చుతప్పులే చూసేనమ్మా,” అన్నారు. “ఏటి రాసేవో చదవలేదు.”

ఈశ్వరి ముఖం పాలిపోయింది. అన్నీ ఇప్పుడే దింపేస్తానని, మీటలు మళ్లీ పెట్టిస్తానని గబగబా అంది. ఆయన చుట్టూ ఉన్న జనాన్ని చూశారు.

“వద్దు. ఇంతమంది వచ్చేరు. వాళ్లని వెనక్కి పంపకు.”

గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు.

ప్రదర్శన మూడు వారాలు నడిచింది. పత్రికలో మెచ్చుకున్నారు. ఇప్పుడు మేం ‘నడవ’ వెనక కొట్లో ఉన్నాం, ఐదింటి మీటలూ ఒకే బక్కెట్లో కలిసిపోయి ఉన్నాయి. ఈశ్వరి అప్పుడప్పుడూ వచ్చి ఏది ఎవరిదో ఏరాలని చూస్తుంది, చేతకాక ఏడ్చి వెళుతుంది. మాస్టారు వెనక గదికి తాళం వేసేశారని ఆమే ఒకసారి షాహిన్‌తో అంటుంటే విన్నాను.

ఆమెను తిట్టుకోలేను, ఆయన్నీ తప్పుపట్టలేను. తప్పు లేకుండా కొడతానని జీవితమంతా గర్వపడ్డదాన్ని నేను. ఆ ఒక్క వాక్యంలో ఒక్క మీట ఇరుక్కుని ఉంటే, ఒక్క అక్షరం పక్కకు పడి ఉంటే, సున్నా చుట్టడానికి ఆయన పెన్సిలు అక్కడ ఆగేది. ఆగితే ఆ వాక్యాన్ని ఇంకోసారి చూసేవారు. నేను మాత్రం అన్నీ సరిగ్గానే కొట్టాను.