ఇంకా సగం ఉంది

పెయింటరు ఇన్‌హేలరును చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల సన్నగా గలగలమంది. మంచం అంచున కూర్చుని, చేతులు మోకాళ్ళకు ఆనించి, భుజాలు ఎగరేస్తూ ఊపిరి లాక్కుంటున్నవాడల్లా ఆ చప్పుడు వినగానే కాస్త తేరుకున్నాడు. మందు ఇంకా పీల్చనే లేదు.

"ఇంకా సగం ఉంది," అన్నాడు.

తువ్వాలు మడతపెడుతున్న భార్య ఆగింది. "మొన్నెప్పుడో అడిగినా సగమే అన్నారు. తోడేకొద్దీ ఊరడానికి అదేమన్నా ఊటబావా? మందులషాపు ఆవిడ చెప్పింది కదండీ, ఆ గలగల మందుది కాదట. మందు అయిపోయాక కూడా గాలి వస్తూనే ఉంటుందట. ఎన్నిసార్లు నొక్కామో లెక్క పెట్టుకోవాలట. కొత్తది తెచ్చుకోండి."

"ఆవిడ సరుకు అమ్ముడుపోవాలి కదా మరి! చప్పుడు వినబడుతోంది, తుంపర వస్తోంది. ఇంకేం కావాలి?"

మందులషాపు ఆవిడ మరో మాట కూడా చెప్పింది. రోజుకిన్నిసార్లు అవసరం పడుతుంటే ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళమంది. ఆ మాట మాత్రం అతను ఇంట్లో చెప్పలేదు.

అతని చెవి సంగతి తెలిస్తే అతని మొండితనం అర్థమవుతుంది. కార్లు బాగుచేసే షెడ్డులో అతను జీవితమంతా రంగులు కొట్టాడు. మూత బిగించిన డబ్బాను చెవి దగ్గర ఊపి, ఇది తలుపుకి సరిపోతుంది, ఇది బానెట్టుకి చాలదు అని చెప్పేవాడు. ఒక్కసారీ తప్పలేదు. షెడ్డులో వాళ్ళు అతన్ని చెవులాయన అనేవాళ్ళు. పందెం కాసి డబ్బాలు తెచ్చేవాళ్ళు, ఓడి టీలు తాగించేవాళ్ళు. బడిలో ఎవరూ మెచ్చుకోలేదు, అత్తవారింట్లో అసలే మెచ్చుకోలేదు. మనిషికి దక్కిన గొప్పంతా ఆ చెవిలోనే ఉంది. అలాంటి చెవి ఈ వేలెడంత డబ్బా దగ్గర తప్పుతుందంటే ఎలా నమ్ముతాడు?

ఊపిరిని తినేసింది ఆ రంగులే. మాస్కులు వచ్చేసరికే ఆలస్యమైపోయింది. అంతకుముందంతా ముక్కుకి జేబురుమాలే. ఈ పని మానెయ్యమన్నాడు డాక్టరు. అతను వెళ్ళి యజమానిని వేరే పని అడిగాడు. "ఇంకేం చేతనవును నీకు?" అన్నాడు యజమాని, మంచిగానే. అతను తిరిగొచ్చి రంగు కొట్టే గన్ను కడుక్కున్నాడు. ఆ రోజు నుంచీ అతనికి దేనిమీదా ఆశ లేదు.

ఇవాళ ఒక తెల్ల వ్యాను. అద్దాలకు కాగితాలు అంటించి, దుమ్ము తుడిచి, రంగుగది తలుపు మూసుకున్నాడు. పూత మీద ఉన్నప్పుడు ఆ తలుపు ఎవరూ తీయకూడదు, తట్టకూడదు. దుమ్ము లేస్తుంది. అది అతను పెట్టిన నియమమే.

మధ్యాహ్నం బయటి నుంచి సొట్టలాయన కేకేశాడు. కార్ల సొట్టలు తీసే పనివాడు, అతనికి తమ్ముడి లెక్క. "అన్నా, తినేసి చేసుకుందువు, రా!"

"పూత మీదున్నా. నువ్వు తినెయ్."

ఆ కాస్త మాటకే ఆయాసం ముంచుకొచ్చింది. పొద్దుటి నుంచీ వస్తూనే ఉంది, నొక్కుతూనే ఉన్నాడు. మాస్కు లాగేసి నేలమీద కూర్చున్నాడు. ఛాతీని తడిగుడ్డను పిండినట్టు పిండుతోంది. డాక్టరు నేర్పినట్టే గాలంతా బయటికి వదిలాడు. పెదాలు బిగించి, నొక్కి, మెల్లగా పీల్చి, ఉన్నంతసేపు బిగబట్టాడు. ఒక్క తప్పూ చేయలేదు. గొంతుకి చల్లగా తగిలింది. లోపల ఏదీ వదులవలేదు.

చెవి దగ్గర ఊపాడు. గలగల. మళ్ళీ నొక్కాడు. తనే సరిగ్గా పీల్చలేదేమో అనుకున్నాడు. మళ్ళీ నొక్కాడు. డబ్బా మీద మాత్రం అనుమానం రాలేదు. లేచి గది తలుపు వైపు వెళ్ళబోయి, తూలి, వ్యాను తలుపుకి చెయ్యి ఆనించాడు. అరచేతికి జిగురుగా తగిలింది. అయ్యో, పూత పాడైపోయిందే అని దిగులుపడ్డాడు. అంత అవస్థలోనూ ఆ దిగులు నిజమే.

ఎలాగో వెళ్ళి గది తలుపు తీశాడు. ఆ చప్పుడుకి సొట్టలాయన అన్నం చేత్తోనే పరిగెత్తుకొచ్చాడు. పెయింటరు పెదాలు నీలంగా ఉన్నాయి. "మందేది, అన్నా? అయిపోయిందా?"

పెయింటరు చెయ్యెత్తి, చూపుడువేలి మీద బొటనవేలు సగం దగ్గర పెట్టి చూపించాడు.

సొట్టలాయన డబ్బా లాక్కుని తనూ ఊపాడు. "ఉంది, ఉంది. పీల్చన్నా, తగ్గిపోద్ది." ఒకరికి తోడు ఇంకొకరు, ఇద్దరూ ఆ చప్పుడునే నమ్ముకుని కూర్చున్నారు. ఆసుపత్రికి బయల్దేరాల్సిన సమయం అక్కడే గడిచిపోయింది.

చివరికి ఎవరిదో కారులో ఎక్కించారు. దారిలో ఊపిరిలోని ఈల చప్పుడు తగ్గింది, భుజాలు ఎగరడం తగ్గింది. తేలికపడుతోందని సొట్టలాయన సంతోషించాడు. తన భుజం మీద వాలిన తలను కదలకుండా పట్టుకున్నాడు. ఆసుపత్రి మెట్ల దగ్గర దింపబోతే ఆ తల వెనక్కి వాలిపోయింది.

భార్య వచ్చేసరికి దుప్పటి కప్పేశారు.

"మందు ఉంది వదినా. నేనూ ఊపి చూశా," అన్నాడు సొట్టలాయన, అదే మాట పదేపదే.

ఆమెకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. పోయిన మనిషి మీద ఒళ్ళు మండేంత కోపం.

"ఎవరి మాటా వినని మనిషి," అంది. "ఆ డబ్బా మాట మాత్రం విన్నాడు."

తర్వాత అక్కడే బల్లమీద కూలబడింది.

వ్యాను ఇంకా షెడ్డులోనే ఉంది. వ్యాను తలుపు గీకి మళ్ళీ రంగు వేయించాలని యజమాని గరుకు కాగితం ఇస్తే, సొట్టలాయన అందుకుని, పక్కన పెట్టేశాడు. దుమ్ము నలుసైనా లేని తెల్లటి పూత మీద ఒక అరచెయ్యి, అయిదు వేళ్ళు, గట్టిగా ఆరిపోయి ఉన్నాయి.