కిటికీ మీద చార్టు

నాకు ఊరికే ఉండటం చేతకాదు. బస్సు కండక్టరుగా చేసినన్నాళ్లూ ఎవరు ఎక్కడ ఎక్కారు, ఎక్కడ దిగుతారు, ఎందుకు దిగుతారు అని చూడటమే నా అలవాటు. రిటైరయ్యాక బస్సు పోయింది, అలవాటు మిగిలింది. ఇప్పుడు అది ఇంట్లోవాళ్ల మీద పడిందని మా పెద్దోడు విసుక్కుంటాడు.

అందుకే మా కోడలు చేసే పనంటే నాకు మహా సరదా. ఆమె ఒక యాడ్ ఏజెన్సీలో ప్లానరు. ఓ పరుపుల కంపెనీ ప్రచారమంతా ఆమె చేతిమీదుగానే నడుస్తుంది. ఒకరోజు నేను వదలకుండా అడుగుతుంటే, కాగితం మీద గీసి చూపించింది. పైన తేదీలు, పక్కన పనులు. హోర్డింగులకి ఎర్ర పట్టీ, రేడియో ప్రకటనకి నీలం, షాపుల్లో బ్యానర్లకి ఆకుపచ్చ. పట్టీ మొదలైన చోట పని మొదలవుతుంది, ఆగిన చోట అయిపోతుంది. కొన్ని పట్టీల మధ్య బాణాలున్నాయి. ఇది పూర్తయితేగాని అది కదలదని వాటి అర్థం.

అంటే ఈ ఎర్రది ఇక్కడ ఎక్కి ఇక్కడ దిగుతుందన్నమాట, అన్నాను. మా బాసుకి ఈ మాత్రం అర్థం కావడానికి వారం పట్టింది మామయ్యా, అని నవ్వింది. పట్టీలు ఎక్కువై బోర్డు చాలకపోతే, ఆ బాసు రోడ్డువైపు కిటికీ గాజు మీదే చార్టంతా రాయించాడట. వెనక వరసలో కూర్చున్నవాళ్లకీ కనబడాలని అరచేయంత అక్షరాలు.

ఆ చార్టే మా ఇంట్లో నిప్పు పెట్టింది.

రెండో పరుపు సగం ధరకే ఇస్తామని వీళ్లు ప్రకటించాలనుకుంటే, ముందురోజే పోటీ కంపెనీ ప్రకటించింది. పోన్లే, కాకతాళీయం అనుకున్నారు. ఆ తర్వాత, నెల రోజులు పడుకుని చూసి నచ్చకపోతే తిరిగి ఇచ్చేయండి అనే ఆఫర్ పెట్టుకుంటే, అదీ ముందురోజే వాళ్ల నోట రేడియోలో వినబడింది. ఆ పోటీ కంపెనీలో సేల్స్ ఉద్యోగి ఎవరయ్యా అంటే మా చిన్నోడు. ఉండేది ఒకే ఇంట్లో, తినేది ఒకే బల్ల దగ్గర.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నువ్వే పట్టుకోమ్మా, అన్నాడట బాసు. మూడోసారి జరిగితే ఉద్యోగం ఉండదని కూడా చెప్పాడట.

కోడలికి అప్పుడు ఒక మాట గుర్తొచ్చింది. ఈ గొడవలేవీ మొదలవకముందు, టీ తాగుతూ మా చిన్నోడు అన్నాడు, మీ ఆఫీసు కిటికీకి కర్టెన్ వేయించండి వదినా, ఎండ పడుతుంది కదా అని. వాడు ఆమె ఆఫీసు గడప తొక్కి ఎరగడు. మరి కిటికీ సంగతి వాడికెలా తెలుసు? భోజనాల దగ్గర అందరి ముందూ నిలదీసింది.

"నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు వదినా," అన్నాడు వాడు, కంచంలోకి చూస్తూ.

మర్నాడు అటక మీంచి పెట్టె దించాడు. వేరే గది చూసుకున్నాను, ఆదివారం వెళ్లిపోతానన్నాడు. పెద్దోడి పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క. వాళ్లమ్మ పోయాక నేను ముక్కలు కాకుండా పట్టుకొచ్చిన ఇల్లు ఇది.

ఇంత దిగుల్లోనూ నా బుర్రని ఇంకో పురుగు తొలిచేస్తోంది. చిన్నోడి జుట్టు. కోడలి ఆఫీసు వీధిలోనే ఉన్న సెలూన్లో ఏళ్ల తరబడి చక్కగా కటింగ్ చేయించుకునేవాడు. ఉన్నట్టుండి అది మానేసి ఎవడి దగ్గరికి పోతున్నాడోగాని, తల ఎలుకలు కొరికినట్టు తయారైంది. అడిగితే అక్కడ రద్దీ అన్నాడు. రద్దీకి భయపడి దిగిపోయే రకం కాదు వాడు. శుక్రవారం పొద్దున్న నేనే ఆ సెలూన్‌కి బయల్దేరాను.

రెండో అంతస్తులో చిన్న గది. రద్దీ లేదు సరికదా, నేనొక్కణ్ణే. మంగలి తెల్లగుడ్డ మెడకి చుట్టి, గడ్డానికి నురగ పూసి, కుర్చీ పైకి లేపాడు. ఎదురుగా నిలువుటద్దం. అందులో నా మొహం, నా వెనక కిటికీ, కిటికీ అవతల సన్నటి వీధి దాటి ఇంకో కిటికీ. దాని నిండా ఎర్ర పట్టీ, నీలం పట్టీ, ఆకుపచ్చ పట్టీ.

మెడ తిప్పి నేరుగా చూశాను. అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి, ఒక్కటీ అర్థం కాలేదు. మళ్లీ అద్దంలోకి చూశాను. తిరగబడ్డవి మళ్లీ తిరగబడి, మా కోడలి గుండ్రటి చేతిరాతలో చక్కగా చదవడానికి వీలుగా ఉన్నాయి. వచ్చే ఆఫర్ ఏమిటో, ఏ రోజు మొదలో అంతా తెలిసిపోయింది.

కోడలికి ఫోన్ చేసి కిటికీ దగ్గరికి రమ్మన్నాను. మెడకి గుడ్డ, సగం మొహానికి నురగతో వీధి అవతల చెయ్యూపుతున్న మామగారిని చూసి, కంగారుగా మెట్లెక్కి వచ్చింది. నేను లేచి ఆమెని ఆ కుర్చీలో కూర్చోబెట్టాను. ఆమె చూసింది. చాలాసేపు చూసింది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది వాళ్ల పని.

"ఇందులో కూర్చున్నవాళ్లందరూ చదువుతారండీ," అన్నాడు మంగలి. "ఒకాయనైతే వారం వారం వస్తాడు. నెత్తి మీద నాలుగు వెంట్రుకలు. ఎలా కత్తిరించమంటారు సార్ అంటే, నెమ్మదిగా కత్తిరించు అంటాడు."

పరుపు కొంటే తగ్గించి ఇప్పిస్తానని ఆయన ఇచ్చిన కార్డు అద్దం అంచున దోపి ఉంది. పోటీ కంపెనీ సేల్స్ మేనేజరు.

మా చిన్నోడి ఆనవాళ్లు చెప్పి, మరి వాడెందుకు మానేశాడని అడిగాను. అసలు నేను వచ్చిందే అందుక్కదా.

"ఆయన తీరు వేరండీ. ఒకరోజు సగం కటింగ్‌లో అద్దంలోకి చూసి, కుర్చీ గోడవైపు తిప్పమన్నారు. అలా తిప్పితే నాకు వెలుతురు రాదన్నాను. అయితే కానివ్వమని, అయిపోయేదాకా కళ్లు మూసుకునే కూర్చున్నారు. మళ్లీ రాలేదు."

కోడలు లేచి నిలబడింది. మంగలికి నా మిగతా సగం గడ్డం గుర్తొచ్చింది గాని నాకు రాలేదు.

ఆ మధ్యాహ్నం బాసు కూడా వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. తన చార్టు తనే చదువుకుని, వెంటనే వెళ్లి గాజు తుడిపించాడు. కర్టెన్ కూడా వేయించాడు. కోడలి ఉద్యోగానికి ఢోకా లేదు.

సాయంత్రం చిన్నోడు వచ్చేసరికి వాడు సర్దిపెట్టుకున్న పెట్టె హాల్లో తలుపు పక్కనే ఉంది. కోడలు దాని దగ్గరే నిలబడి ఉంది.

"చదివానని నాకెందుకు చెప్పలేదు?" అంది.

"కర్టెన్ వేయించమన్నాను కదా వదినా. నేను చదివాను, కానీ ఎవరికీ చెప్పలేదు అంటే మీరు నమ్మేవారా?"

నమ్మేదాన్నే అంటుందనుకున్నాను. ఆ చోట ఎవరైనా ఆ మాటే అంటారు. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"నమ్మేదాన్ని కాదు," అంది.

వాడు తలూపాడు. ఆమె వంగి పెట్టె ఎత్తుకుని వాడి గదిలోకి తీసుకెళ్లింది. బరువుంది వదినా, ఇలా ఇవ్వండి, అంటూ వాడు వెనకే వెళ్లాడు. లోపల వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుపోయింది, అయినా కుర్చీలోంచి లేవలేదు.