స్టేజికీ స్టేజికీ మధ్య

చిలకమ్మ రోజుకి ఒక చీర ఉతికేది. ఈ మధ్య రెండు ఉతుకుతోంది. పంపు దగ్గర ఆ రెండో చీర జాడిస్తుంటే, అరుగు మీద కూర్చున్న అత్త దేముడమ్మ కళ్ళు చికిలించి చూసింది.

"ఏటే, పూటకో సీర మారుస్తన్నావు? బస్సులో టిక్కెట్లు కొడతన్నావా, పెళ్ళిసూపులకి కూకుంతన్నావా?"

చిలకమ్మ ఏమని చెబుతుంది? వయసు నలభై ఎనిమిది. సిటీ బస్సు కండక్టరుగా పంతొమ్మిదేళ్ళు. మద్దిలపాలెం నుంచి సబ్బవరం, సబ్బవరం నుంచి మద్దిలపాలెం. ఏడాదిగా ఒంటికి ఏం తిక్క పుట్టిందో తెలీదు. నెలసరి ఒక నెల వస్తుంది, మూడు నెలలు మొహం చాటేస్తుంది. కిక్కిరిసిన బస్సులో ఉన్నట్టుండి మెడ మీంచి ఎవరో వేణ్ణీళ్ళు కుమ్మరించినట్టు ఆవిరి. అదైనా నయం. తుమ్మితే, దగ్గితే, బస్సు స్పీడ్ బ్రేకర్ ఎక్కితే, ఎవరైనా నవ్విస్తే, నాలుగు చుక్కలు జారిపోతున్నాయి. రెండో చీర అందుకు.

మొగుడు జగ్గయ్య ఉక్కు ఫ్యాక్టరీలో క్రేన్ నడుపుతాడు. పైనుంచి చూసిచూసి కిందనున్న వాళ్ళంతా వేళాకోళానికే పుట్టారనుకుంటాడో ఏమో, ఎవర్నీ వదలడు. సంగతి వినగానే ముందు పకపకా నవ్వాడు.

"మన బిందె కారతందన్నమాట! ఎమ్‌సీల్ అంటించీమంటావా?"

మనసు మాత్రం మంచిదే. ఆ సాయంత్రమే తెల్లకాగితం తీసి, తన కోడిగీతల రాతతో డిపో మేనేజరుకి అర్జీ రాసేశాడు. అనారోగ్య కారణాల వల్ల నన్ను బస్సు డ్యూటీ నుంచి తప్పించి రిజర్వేషన్ కౌంటర్లో వేయవలసిందిగా కోరుతున్నాను. కింద చిలకమ్మ సంతకానికి జాగా వదిలాడు. సోమవారం కొత్త డ్యూటీ చార్టు వేస్తారు, ఈలోగా ఇచ్చెయ్యాలి.

"ఫ్యాను కింద కూకోవచ్చు పిల్లా. ఇంకేటి కావాలి నీకు?"

ఏం కావాలో చిలకమ్మకి తెలుసు, చెప్పడమే రాదు. బస్సులో తను ఒక్క కేక వేస్తే అరవైమంది లోపలికి జరుగుతారు. ఇంట్లో ఎంత అరిచినా గుమ్మంలో పిల్లి కూడా జరగదు. ఆ కౌంటర్ గాజు కిటికీ వెనక కూర్చుంటే ఇంక ఎవర్ని జరపాలి?

ఆ కాగితాన్ని దేవుడి పటం వెనక దోపి, ముందే మొదలుపెట్టిన వైద్యం సంగతి తేల్చుకుందామని వెళ్ళింది. ఆరు వారాల కిందట ఆడవాళ్ళ డాక్టరమ్మ అన్ని పరీక్షలూ చేసి, వేరే జబ్బేం లేదు, నెలసరి ఆగిపోయే ముందు కొందరికి ఇలా అవుతుందని చెప్పి, ఫిజియోథెరపీకి చీటీ రాసిచ్చింది. మోకాళ్ళ నొప్పులకి కదా వెళ్తారు అక్కడికి అనుకుంటూనే వెళ్తే, కేథరిన్ మేడమ్ ప్లాస్టిక్ ఎముకల బొమ్మ ఒకటి బల్ల మీద పెట్టింది. నడుం కింద ఎముకల గిన్నె, దానికి అడుగున జోలెలా వేలాడే కండ. మూత్రసంచీని మోసేది అదేనట. చిలకమ్మ ఆ బొమ్మని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. ముగ్గురు పిల్లల్ని కన్నది, ఆ దారి పేరైనా ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు. ఆ కండని అయిదు అంకెలు లెక్కపెట్టేదాకా బిగించి, పది అంకెలదాకా వదలండి, అలా పదిసార్లు, రోజుకి మూడు పూటలు అని చెప్పి పంపింది మేడమ్.

ఇప్పుడు రెండోసారి. "తగ్గలేదు మేడమ్, ఇంకా ఎక్కువైంది" అంది చిలకమ్మ.

"రోజూ చేస్తున్నారా?"

"ఒక్క నాగా లేదు. స్టేజికొకసారి."

"అంటే?"

"స్టేజి దాటగానే బిగిస్తాను. మళ్ళీ స్టేజి రాగానే వొగ్గెత్తాను."

"మధ్యలో ఎంతసేపు?"

"అది ట్రాఫిక్కుని బట్టి మేడమ్."

కేథరిన్ ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. "సారీ అమ్మా" అని కళ్ళు తుడుచుకుని, అడిగి, ఒప్పించి, పడుకోబెట్టి పరీక్ష చేసింది.

"ఇప్పుడు వదిలెయ్యండి."

"వొగ్గేసేను."

"లేదు, బిగించే ఉన్నారు. ఊపిరి కూడా." నెమ్మదిగా అంది: "చిలకమ్మగారూ, మీకు బిగించడం వచ్చు. వదలడమే రాదు. పిడికిలి పొద్దస్తమానం బిగించి ఉంచితే చెయ్యి పట్టు తప్పదూ? ఇదీ అంతే. ముందు వదలడం నేర్చుకోవాలి."

తిరుగుదారిలో టిక్కెట్ కొనుక్కుని, ప్రయాణికురాలిలా సీట్లో కూర్చుంది చిలకమ్మ. ఎప్పట్నుంచి బిగించిందో ఆలోచిస్తే ఆశ్చర్యంగా ఉంది. డ్యూటీలో చేరిన మొదటి వారమే కదా, చివరి స్టాపులో డ్రైవర్ సన్యాసిరాజు బస్సు వెనక్కి వెళ్ళి దర్జాగా పని కానిచ్చుకొచ్చినప్పుడు, తను నీళ్ళ సీసా తెరవకుండా సంచీలో పెట్టేసింది? ఇంటికొచ్చాకా అంతే. "ఉండే, పేపరు సదవనీ" అని బాత్రూంలోంచి జగ్గయ్య. "ముందు ఆడికి టీ ఎట్టి ఎల్లు" అని అత్త. సరేనని టీ పెట్టేది. పెడుతూ ఒక కాలి మీద ఇంకో కాలు వేసుకుని నిలబడేది. చుట్టాలొస్తే పొట్ట బిగించేది, అత్త మాటంటే దవడ బిగించేది, పక్క మీద జగ్గయ్య చెయ్యి పడితే నిద్ర నటిస్తూ ఒళ్ళంతా బిగించేది. ఇప్పుడు కూడా, చూసుకుంటే, భుజాలు చెవుల దాకా వచ్చి ఉన్నాయి. దించింది. మళ్ళీ లేచాయి. భలేగా ఉందే అనుకుని మళ్ళీ దించింది. తన ఒంట్లో తను ఎప్పుడూ దిగని స్టేజీలు ఇంకా ఎన్ని ఉన్నాయో!

శనివారం వీక్లీ ఆఫ్. హాల్లో చాప పరిచి, మోకాళ్ళు మడిచి, పొట్ట మీద చెయ్యేసుకుని పడుకుంది. ఊపిరి లోపలికి తీస్తే అడుగున కండ విచ్చుకోవాలని మేడమ్ చెప్పింది. జగ్గయ్య వచ్చి తల దగ్గర నిలబడ్డాడు.

"ఏటి పిల్లా, తేలిపోతన్నావా?"

"వొగ్గడం నేర్సుకుంతన్నాను."

"ఎవుల్ని, నన్నా?"

చిలకమ్మకి నవ్వాగలేదు. నవ్వి, ఠక్కున కాళ్ళు దగ్గరకి లాక్కుంది. జగ్గయ్య విజయగర్వంతో చెప్పులేసుకుని, "నానొచ్చీలోగా ఆ కాయితం మీద సంతకం ఎట్టీ" అని సిగరెట్లకి వెళ్ళాడు.

దేముడమ్మ నవ్వలేదు. ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు ఆ వీధిలోనే లేరు. పిల్లలు చాటుగా ఎస్సై అంటారు. ఊరందర్నీ నవ్వించే జగ్గయ్యకి సొంత తల్లిని నవ్వించలేకపోయాననే ఒక్క వెలితి. ఆవిడ గోడ పట్టుకుని లేచి, వచ్చి చాప అంచున కూర్చుంది.

"ఒలే, ఆ మేడమ్ నీలాటోళ్ళకే సెప్తదా? ముసిలోళ్ళకి కూడా సెప్తదా?"

చిలకమ్మ మోచేతుల మీద లేచింది. "ఏటత్తా?"

దేముడమ్మ వీధి తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "ఆడు జోకులెయ్యడం, నాను బుగ్గ కొరుక్కోడం. నవ్వితే గుడ్డ మార్సుకోవాలి. ఎవులికి సెప్పుకుంతాను? అందుకే నవ్వడమే వొగ్గేసేను."

చిలకమ్మ ఆవిడ మొహం వంక కొత్తగా చూసింది. ముప్ఫై ఏళ్ళుగా పొగరనుకున్న ఆ బిగిసిన పెదాలు. వియ్యాలవారింటికి రాదు, పెళ్ళి బస్సెక్కదు, పేరంటంలో కూర్చోదు. తన కౌంటర్ ఎప్పుడో వెతుక్కుని, అందులో కూర్చునిపోయింది దేముడమ్మ. ఎవరూ అర్జీ కూడా రాయలేదు.

చిలకమ్మ లేచి పటం వెనక కాగితం తీసింది. అంతలో జగ్గయ్య గుమ్మంలోకొచ్చాడు.

"ఎట్టీసేవా సంతకం?"

"ఎట్టను. సోమారం నాను బస్సెక్కుతాను. సబ్బవరంలో అయిదు నిమిషాలు బాత్రూంకి ఇమ్మని ఏరే కాయితం రాస్తాను. నానే రాసుకుంతాను." కాగితం నాలుగు మడతలు పెట్టి అతని జేబులో దోపి, ఫోన్ తీసి కేథరిన్‌కి కలిపి స్పీకర్ పెట్టింది. "మేడమ్, ఇంకొకరికి కూడా టైమియ్యాలి. దేముడమ్మ. డెబ్భై నాలుగేళ్ళు."

"తప్పకుండా. ఈ ఇబ్బంది ఆవిడకి ఎప్పట్నుంచి?"

చిలకమ్మ ఫోన్ అత్త నోటి దగ్గర పెట్టింది. దేముడమ్మ ఫోన్‌ని చూసింది, గుమ్మంలో కొడుకుని చూసింది. ఈసారి గొంతు తగ్గించలేదు.

"మావోడు పుట్టినకాడ్నించమ్మా. యాభై రెండేళ్ళు."

జగ్గయ్య జోకు వెయ్యడానికి నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకుని, గుమ్మంలోంచి పక్కకి జరిగాడు.